అన్నిటికీ అవునని చెప్పమన్నారు

చైతన్యపురి హాస్టళ్ల వెనక సందులో నాకొక కర్రీ పాయింట్ ఉంది. పప్పు, సాంబారు, రెండు కూరలు, ఒక పచ్చడి. పక్క మడిగెలో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ జాకెట్లు కుడుతుంది. నాకు అక్షరాలు వచ్చింది ఆమె దగ్గరే. అప్పటికి నాకు మనవరాలు కూడా పుట్టింది. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక, గుడ్డలు కత్తిరించే బల్ల మీద ఆవిడ సుద్దతో రాసేది, నేను దిద్దేదాన్ని. సాయంత్రానికి జాకెట్టు ముక్కల కింద అవన్నీ చెరిగిపోయేవి. మర్నాడు మళ్లీ మొదలు. అలా మెట్రో స్టేషన్ల పేర్లు వచ్చాయి, తర్వాత దుకాణాల బోర్డులు, చివరికి పేపరు. నా సంతకం నాకు కుదిరిన రోజు బల్లంతా అదే చేశాను. ఎవరిదో కొలత చెరిగిపోయిందని ఆవిడ కోప్పడింది కూడా.

నా కర్రీ పాయింట్ ఉన్న మడిగె ఓనరు వచ్చే దసరా తర్వాత దాన్ని అమ్ముతానన్నాడు. ముందు నిన్నే అడుగుతానని మాటిచ్చాడు. నేను దాచుకున్నదీ, మా ఊళ్లో చెలక భూమి అమ్మితే నా వాటాకు వచ్చిందీ కలిపితే బయానాకు సరిపోతుంది, మిగతాది లోను పెట్టుకోవచ్చు. ఆ సొమ్ము ఏడాదిపాటు భద్రంగా ఉండాలి. నాకు కావలసింది అంతే.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా బ్యాంకుకు వెళ్లి ఆ మాటే చెప్పాను. అక్కడ కొత్తగా వచ్చిన ఒక కుర్రాడు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

“ఫిక్స్‌డ్ కన్న మంచిదుంది అమ్మా. ఒక్కసారి పెడ్తే సాలు. ఏడాదైనంక ఎప్పుడు గావాలంటే అప్పుడు తీస్కోవచ్చు.”

కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేశాను. “మస్తుంది అమ్మా మీ సంతకం,” అన్నాడు. ఆ సంబరంలో ఇంకో కట్ట ఇచ్చినా చేసేదాన్నే.

లేచేటప్పుడు మాత్రం ఒక మాట చెప్పాడు. “పై ఆఫీసు నుంచి ఫోనొస్తది. ఏమడిగినా అవునన్రి. లేకుంటే మళ్ల మొదట్నుంచి చెయ్యాలె, మీకే పరేషాన్.”

పక్కావిడకు చెబితే నవ్వింది. ఆమె కొద్దిరోజుల కిందటే అతని దగ్గరే అదే తీసుకుందట. “నాకూ వచ్చింది వదినగారూ ఆ ఫోను. అవునండీ, అవునండీ, అవునండీ. సాంబారు చల్లారేలోపు అయిపోతుంది.”

ఫోను సరిగ్గా మధ్యాహ్నం గిరాకీలో వచ్చింది. ఒక అమ్మాయి గొంతు. మాటలు రికార్డు అవుతున్నాయని చెప్పి, పేరు, ఊరు, ఖాతా అడిగింది. అన్నిటికీ అవునన్నాను.

“పాలసీ వివరాలన్నీ చదివి, అర్థం చేసుకుని సంతకం చేశారు కదా మేడమ్?”

అవునని అనబోయాను. నోరు రాలేదు. చదువు చిన్నప్పుడే వచ్చినవాళ్లకు అది మాటవరసకు అడిగే ప్రశ్న కావచ్చు. నేను ఒక పేజీ చదవాలంటే సగం మధ్యాహ్నం పడుతుంది, వేలు పెట్టుకుని, పెదాలు కదుపుకుంటూ. ఏది చదివానో, ఏది చదవలేదో నాకు బాగా గుర్తుంటుంది.

“సదవలే బిడ్డా,” అన్నాను.

“మీకు ఎవరైనా చదివి వినిపించారా?”

“లేదు. గా బ్యాంకు పిల్లగాడు అన్నిటికి అవునన్మన్నడు.”

ఇటు ఒక విద్యార్థి, “ఆంటీ, పప్పు,” అంటున్నాడు. “ఆగు, బ్యాంకోళ్లతోని మాట్లాడుతున్న,” అన్నాను.

“ఏటా ఇంతే చొప్పున పదేళ్లు కట్టాలని మీకు చెప్పారా మేడమ్?”

“పదేండ్లా? ఒక్కసారే అన్నడు గద. ఏడాదైనంక నేను మడిగె కొనాలె.”

“ఇది బీమా పాలసీ మేడమ్. మధ్యలో తీస్తే కట్టింది పూర్తిగా రాదు. దీన్ని ఇక్కడితో ఆపుతున్నాను. మా తనిఖీ వాళ్లు మిమ్మల్ని కలుస్తారు.”

గరిటె చేతిలో పట్టుకుని పక్క దుకాణానికి వెళ్లి చెప్పాను. పక్కావిడ మిషను ఆపేసింది. ఆమెకు ఇంగ్లీషూ చదవడం వచ్చు. తన కాగితాలు తీసి, కళ్లజోడు పెట్టుకుని, ఆ రోజే మొదటిసారి చదివింది. పదేళ్లు అని అందులో స్పష్టంగానే ఉందట.

“నాకు చదవడం వచ్చు కదా అని చదవలేదు వదినగారూ.”

“నాకు నేర్పినందుకన్న సదవాలె గద వదినె,” అన్నాను. ఆమెకు నవ్వు వచ్చింది, భయంలో కూడా.

ఆ సాయంత్రమే బ్యాంకు కుర్రాడు నా దుకాణానికి వచ్చాడు. “ఒక్కమాట అవునంటే ఏమైతుండె అమ్మా?”

“నువ్వు ఒక్కసారంటివి, ఫోన్ల పిల్ల పదేండ్లన్నది. ఎవ్వరిదో ఒకరిది అబద్ధమే గద బిడ్డా.”

“నెలాఖరు అమ్మా. గిన్ని పాలసీలు అమ్మాల్నని పైనుంచి గుంజుతున్నరు.”

“మరి నా మడిగె?”

పప్పు, పచ్చడి కట్టించుకున్నాడు. డబ్బులు ఇచ్చే వెళ్లాడు.

బ్యాంకు తనిఖీ విభాగం నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చి, కుట్టు దుకాణంలో స్టూలు మీద కూర్చుని మా ఇద్దరి మాటలూ రాసుకుంది. ఆ కుర్రాడు పాలసీ అమ్మిన మిగతా వాళ్లందరికీ ఈసారి వాళ్లే మళ్లీ ఫోను చేసి, వేరే విధంగా అడుగుతారట. కొత్త పాలసీని కొన్ని రోజుల్లోపు వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేయవచ్చని ఆమే చెప్పింది. పక్కావిడకు ఇంకా గడువు ఉంది. ఆమె డబ్బు కొద్దిపాటి కోతతో తిరిగి వచ్చింది, నాది మొత్తం వచ్చింది. కుర్రాణ్ణి అమ్మకాల నుంచి తప్పించారని తర్వాత విన్నాను.

ఏడాది డిపాజిట్ వేయడానికి ఇద్దరం కలిసి వెళ్లాం. తెలుగు ఫారం అడిగితే ఎక్కడో అడుగు సొరుగులో దొరికింది. దులిపి ఇచ్చారు. కిటికీ పక్కన కూర్చుని మొదటి లైను మీద వేలు పెట్టాను.

దసరా వెళ్లింది. మడిగె రిజిస్ట్రేషన్ రోజున ఓనరు అన్నాడు, “అంత మనం అనుకున్నట్టే రాసిన్రు. సంతకం పెట్టమ్మా.”

నేను కాగితాలు ముందుకు లాక్కుని మొదటి పేజీ మొదలుపెట్టాను. పక్కావిడ సాక్షి సంతకానికి వచ్చింది. తన వంతు చదవడానికి కళ్లజోడు తుడుచుకుంటోంది. ఓనరు మా ఇద్దరినీ చూసి, అన్నానికి ఆలస్యమవుతుందని ఇంటికి ఫోను చేశాడు.