ఉల్మెకెన్ చెప్పిన రష్యన్ నవల

కజక్ మైదానాల్లో, సరిసు నది పక్కన ఉన్న ఆ గొర్రెల ఫారంలో ఉల్మెకెన్ కథ చెబుతుందంటే ఆడా మగా చెవి కోసుకునేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి పదేళ్లయిన కాలమది. ఉన్ని కత్తిరించే రోజుల్లో అందరూ పొడుగాటి కొట్టంలో గొర్రెల్ని కాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చుంటే, ఆమె కత్తెరతో పాటు నోరూ ఆడించేది. జిల్లా లైబ్రరీ నుంచి లావుపాటి రష్యన్ నవలలు తెచ్చుకుని చదివి, వాటిని కజక్ భాషలో చెప్పేది. చెప్పడమంటే ఉన్నదున్నట్టు కాదు.

వినేవాళ్లు తాతల కాలం నుంచి వీరగాథలు విని పెరిగినవాళ్లు. ఆ గాథల్లో వీరుడి గురించి ఎంత చెబుతారో అతని గుర్రం గురించీ అంతే చెబుతారు. అందుకని నవలలోని కుర్రాడి గురించి మొదటిరోజే నిలదీశారు.

"ఆ కుర్రాడిది ఏం గుర్రమే?"

"పుస్తకంలో గుర్రం లేదు మామా. పడవ నడుపుతాడు."

"పడవా? గుర్రం లేనివాడికి పిల్లనెవడిస్తాడు?"

"ఎవరూ ఇవ్వరు. అదేగా కథ."

మర్నాటికి ఆ కుర్రాడికి నొసట చుక్కున్న బూడిదరంగు గుర్రం వచ్చేసింది. పేర్ల సంగతీ అంతే. ఆ బారెడేసి రష్యన్ పేర్లు ఎవరికి గుర్తుంటాయి? కజక్ కోడలు అత్తింటి పెద్దల పేర్లు నోట పలకకూడదు, మారుపేర్లు పెట్టుకోవాలి. ఆ విద్య ఉల్మెకెన్‌కు బాగా అబ్బింది. మిల్లు యజమాని "పిండిమీసాలాయన" అయ్యాడు, పడవ కుర్రాడు "పొడుగుకాళ్లబ్బాయి" అయ్యాడు. ఇదంతా తెలిసి లైబ్రేరియన్ గుండెలు బాదుకున్నాడట. బాదుకోనీ. అంతకుముందు ఆ పుస్తకం అడిగినవాడు ఒక్కడూ లేడు.

ఆ నవలలో పిండిమీసాలాయన కూతురు పడవవాడితో లేచిపోతుంది. అది చెబుతుంటే కొట్టంలో వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రెండేళ్ల కిందట ఉల్మెకెన్ కూడా అలాగే వచ్చి ఇక్కడి ట్రాక్టరు డ్రైవర్ని చేసుకుంది. ఆమె తండ్రి తొక్సన్‌బై తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. వియ్యాలవారు ఆచారం ప్రకారం గుర్రమూ కోటూ తీసుకెళ్లి తప్పు ఒప్పుకున్నా, టీ పోసి, "నాకు కూతురు లేదు" అని పంపేశాడు. మనవడు పుట్టాడని కబురు పంపితే అసలు పలకనేలేదు. ఈసారి మనుషులు చాలక పక్క ఫారం నుంచి పిలిపించిన వాళ్లలో ఆయనా ఉన్నాడు. కొట్టం చివర, ఉన్ని బస్తాల పక్కన, కూతురికి వీపు పెట్టి కూర్చున్నాడు.

పని అయిపోతే ఆయన వెళ్లిపోతాడు. ఈలోగా ఒక్కసారి పలకరిస్తే చాలని ఉల్మెకెన్ ప్రాణం కొట్టుకుంది. ఎదురుగా వెళ్తే లేచి బయటికి నడుస్తాడు. కథయితే వినక తప్పదు కదా. ఆమె గొంతు పెంచింది.

మొదటిరోజు ఆయన కదల్లేదు. మర్నాడు, బస్తాల దగ్గర ఉక్కగా ఉందని కాస్త ఇవతలికి జరిగాడు. ఆ మర్నాడు వెలుతురు చాలడం లేదన్నాడు. తర్వాత నడుం నొప్పి వచ్చింది, దానికీ ఇవతలి వైపే బాగుందట.

"వియ్యంకుడుగారికి రోజుకో జబ్బు చేస్తోంది. ఇంకో రెండు చేశాయంటే తిన్నగా మా ఇంట్లోనే తేలతాడు," అంది ఉల్మెకెన్ అత్త కంకా. కొట్టమంతా ఘొల్లుమంది.

"కదలకు," అన్నాడాయన, గొర్రెతో.

చివరిరోజున మొదటి సంపుటం అయిపోయింది. కూతురు చంటివాణ్ణి ఎత్తుకుని, మంచులో, తండ్రి మిల్లు ముందు నిలబడింది.

"తలుపు తీశాడా?"

"రెండో పుస్తకం మన జిల్లాకి రాలేదు."

"రాకపోతే నువ్వే తియ్యి. గుర్రాన్ని తెచ్చినదానివి, తలుపు తియ్యలేవూ?" అంది కంకా.

ఉల్మెకెన్ గొర్రెను ఇటు తిప్పి మళ్లీ కత్తెర ఆడించింది. ఎవరి కథకైనా ముగింపు కట్టగలదు, దీనికి మాత్రం ఆమె వల్ల కాలేదు.

"ఆ పిల్లాడి పేరేమిటి?"

అడిగింది తొక్సన్‌బై. తల ఎత్తలేదు.

పుస్తకంలో పిల్లాడికి ఏదో రష్యన్ పేరుంది. ఆమె అది చెప్పలేదు.

"దార్ఖాన్," అంది.

కత్తెరలన్నీ ఆగాయి. రష్యన్ మిల్లు దగ్గరికి ఉల్మెకెన్ కొడుకు దార్ఖాన్ ఎలా వచ్చాడని ఒక్కరూ అడగలేదు.

"మంచి పేరే," అన్నాడాయన. "నడుస్తున్నాడా?"

"గోడ పట్టుకుని నడుస్తున్నాడు, నాన్నా."

"కాళ్ల తాడు కోయించారా?"

తొలి అడుగులేసే పిల్లల కాళ్లకు రంగుల తాడు కట్టి, పెద్దమనిషి చేత కోయిస్తారు. కోసినవాడి నడతే పిల్లాడికి వస్తుందంటారు.

"లేదు. తగిన మనిషి దొరకలేదు."

"ఎక్కడ వెతికారట!" అంటూ ఆయన చేతిలోని గొర్రెను వదిలేశాడు. సగం బోడిగా ఉన్న ఆ గొర్రె ఉన్ని వేలాడేసుకుని బయటికి పరుగెత్తింది. ఆయన కత్తెరను కోటు అంచుకు తుడిచి లేచాడు. "ఇల్లెటో చూపించు. ముందు నడువు."

ఉల్మెకెన్ నవ్వుతూ, ఏడుస్తూ, దారి తప్పినంత పని చేసింది. ఉన్ని కత్తెరతో తాడు కోయడం ఎక్కడైనా ఉందా అని ఎవరో అన్నారు గానీ, మాంసం కుండ పొయ్యెక్కించే హడావుడిలో ఉన్న కంకా వినిపించుకోలేదు. తాడు తెగగానే దార్ఖాన్ అమ్మ వైపూ పోలేదు, నాయనమ్మ వైపూ పోలేదు. తూలుకుంటూ వెళ్లి తాత గడ్డం రెండు చేతులా పట్టుకుని, ఎంతకీ వదల్లేదు. తొక్సన్‌బై విడిపించుకోనూ లేదు.