యూదా వేరు, యూదులు వేరు

ఈ రోజు రియాద్‌లో మా కోనసీమ నుంచే వచ్చిన నర్సు రాణి ఇంటికెళ్ళాను. యూనివర్సిటీలో చదివే వాళ్ళబ్బాయి ఫోన్లో స్నేహితుణ్ణి "ఒరే యూదుడా, మోసగాడా" అని తిడతన్నాడు.

"అదేం మాటరా?" అన్నాను.

"యేసుని అమ్మేసింది యూదాయే కదా పెద్దమ్మా? ఆళ్ళంతా అంతే."

"యేసయ్యని అమ్మిన ఆ యూదా ఒక్క మనిషిరా. మన యేసయ్యా యూదుడే, మరియమ్మా యూదురాలే."

"ఏదోలే పెద్దమ్మా, కాలేజీలో అందరూ అలాగే తిడతారు" అని నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. "పోయినేడు నా చిన్నకొడుకుని కారుతో గుద్ది చంపినోడు మన కోనసీమోడేరా. మరి కోనసీమోడివని నిన్ను కూడా అసయ్యించుకోమంటావా?"

వాడు లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. రాణేమో "చదువుకునే పిల్లాడు, వదిలెయ్ అక్కా" అంది.

చదువుకునే పిల్లాడనే కదా నా మంట! మీ ఇంట్లో పిల్లలు ఇలాగంటే మీరు వదిలేస్తారా? చెప్పండి.