జనరేటర్‌కు కట్టిన పరదా

నస్పూర్‌లో మా ఇంటికి కరెంటు పోయి అది రెండో రోజు. ముసురు విడవలేదు, వాగు పొంగి దారి బందైంది. ఇంట్లో నన్ను కన్న అవ్వా బాపూ, నేనూ ముగ్గురమే. బాపుకు కరెంటు మీద నడిచే ఆక్సిజన్ మిషనే ఊపిరి. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పీల్చిన దుమ్ము ఆయన్ని అంతకు తెచ్చింది. ఇంట్లో ఉన్న ఒక్క సిలిండర్ పొద్దున్నే అయిపోయింది. ఇక మిగిలింది నేను కొన్న జనరేటరే. కొన్ననాడు అందరూ దండగన్నారు కనుక, దాన్ని బయటికి తీస్తుంటే నాకు కాస్త పొగరు కూడా వచ్చింది.

వాకిట్లో తడుస్తుందని వరండాలో పెట్టాను. జల్లు కొట్టకుండా ముందువైపు పరదా కట్టాను. బాపు బాయి నుంచి తెచ్చుకున్న పాత గుడ్డే అది. బాయిలో ఆయన పని అదే, గాలి లోపలిదాకా పోయేట్టు దారుల్లో పరదాలు కట్టడం. నేను కట్టిన తీరు చెబితే మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన మంచం మీది నుంచి, "గాలి ఎటు కొడ్తుంది బిడ్డా?" అని అడిగాడు.

ఎటు కొడితే నీకేంది, పండుకో అని కసిరాను.

మధ్యాహ్నానికి అవ్వ తల నొస్తోందని చాప మీద వాలింది. రెండు రోజులుగా నిద్ర లేక అనుకున్నాను. నాకూ తల దిమ్ముగానే ఉంది. చలికి కిటికీలన్నీ మూసి ఉన్నాయి, పొగ వాసనకు ముక్కు ఎప్పుడో అలవాటు పడిపోయింది. చాయ్ తాగమని లేపితే అవ్వ ఊఁ అంది తప్ప కళ్లు తెరవలేదు.

బాపు ఆమెనే చూస్తున్నాడు. ఉన్నట్టుండి ముక్కులోని గొట్టం పీకేసి, గోడ పట్టుకుని లేచాడు. నాలుగడుగులకే కూలబడే మనిషి వరండా దాకా నడిచి జనరేటర్ ఆపేశాడు. నాకు తిక్కరేగింది. పాణం తీసుకుంటవా అని అరిచాను. ఆయన పరదాను గుంజి కింద పడేసి, మాట మాటకూ ఆగుతూ అన్నాడు.

"పొగను ఇంట్లకు మలిపినవ్. ముందుగాల అవ్వను బయటికి గుంజు."

అవ్వను చంకల కింద పట్టి వాకిట్లోకి, వానలోకి ఈడ్చాను. కాసేపటికి వాంతి చేసుకుని కళ్లు తెరిచింది. వెనక్కి చూస్తే బాపు గడప మీద కూలబడి ఉన్నాడు. పెదవులు నీలంగా మారాయి, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు.

జనరేటర్‌ను వాకిలి అవతల, బండి పెట్టే రేకుల కిందికి ఈడ్చాను. మిషన్‌ను గడప దగ్గరికి తెచ్చి పొడుగు వైరు కలిపాను. తాడు గుంజితే స్టార్ట్ కాలేదు. మళ్లీ గుంజాను. తడి చేతుల్లోంచి తాడు జారిపోయింది. బాపు చూపు నా చేతుల మీదే ఉంది. మూడోసారో నాలుగోసారో ఇంజన్ అందుకుంది.

గొట్టం పెట్టి, తలుపులన్నీ బార్లా తెరిచి, ఆయన ముందు కూర్చున్నాను. తప్పు నాదేనని చెప్పబోతే ఏడుపొచ్చింది.  ఊపిరి కుదిరాక ఆయన పొద్దున అడిగిందే మళ్లీ అడిగాడు.

"గాలి ఎటు కొడ్తుంది బిడ్డా?"

ఈసారి వానలోకి పోయి, చేయి పైకెత్తి నిలబడి చూశాను. ఇంటి దిక్కు నుంచి రేకుల దిక్కు పోతోందని వచ్చి చెప్పాను. అప్పుడు ఆయన నిమ్మళంగా నిద్రకు కళ్లు మూసుకున్నాడు.