జమ్ములక్క ఖాతాలోని పైసలు

నేను గద్వాలలో చిన్న వ్యాపారులకు పన్ను లెక్కలు రాసిపెట్టే మనిషిని. పేరు శ్రవణ్ కుమార్. కోట దగ్గరి సందులో ఒక గది, రెండు కుర్చీలు, ఒక కంప్యూటరు, అంతే నా సంస్థానం. ఈ మధ్య నా గదికి వచ్చేవాళ్ళు పన్నుల గురించి అడగడం తగ్గించి, మాటల అర్థాలు అడగడం మొదలుపెట్టారు. కేవైసీ, సెటిల్‌మెంట్, ఆటోపే, చార్జ్‌బ్యాక్. ఈ మాటలు పుట్టించినవాళ్ళను ఒక్కసారి మా మగ్గాల వీధిలో నిలబెట్టి, వీటిని ఒక ముసలమ్మకు అర్థమయ్యేట్టు చెప్పండి చూద్దాం అనాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. వాళ్ళు రారు. చెప్పే పని నా నెత్తిన పడింది.

అందరికంటే ఎక్కువ అడిగింది జమ్ములమ్మ. యాభై దాటిన మనిషి. వీధికంతా జమ్ములక్క. భర్త శ్రీరాములు ఉన్నంతకాలం ఇద్దరూ ఒకే మగ్గం మీద నేశారు. ఆయన పోయాక ఆమె మగ్గం గుంటలోంచి లేచి, నూలు, పట్టు, జరీ తానే కొని, నేతగాళ్ళకు ఇచ్చి చీరలు నేయించుకుని అమ్మడం మొదలుపెట్టింది. కూతురు సుష్మిత చీరల ఫొటోలు తీసి ఫోన్లో పెడుతుంది. బెంగళూరు, పుణె, చెన్నై నుంచి ముఖం తెలియనివాళ్ళు పైసలు పంపుతారు, వీళ్ళు చీర పంపుతారు.

"సెటిల్‌మెంట్ అంటే ఏంది తమ్మీ?" అని ఒకరోజు గుమ్మంలోంచే అడిగింది.

"కొన్నోళ్ళు కట్టిన పైసలు పొద్దంతా కంపెనీ దగ్గర జమై, తెల్లారి నీ ఖాతాల పడతయక్కా."

"అంటే పడుగు అయిపోయినంక లెక్క చూసుకున్నట్టు. గింత దానికి ఇంగ్లీషెందుకు?"

చార్జ్‌బ్యాక్ అంటే ఆమెకు ఒళ్ళు మండింది. కొన్నవాళ్ళు తమ బ్యాంకులో ఫిర్యాదు చేస్తే, మనకు పడిన సొమ్మును వెనక్కి లాక్కోవచ్చని చెప్పాను.

"చీర కట్టి విడిచినంక గూడనా?"

"ఒక్కోసారి గంతే."

"సిగ్గుండాలె," అంది. ఎవరికి ఉండాలో చెప్పలేదు. బ్యాంకుకా, కొన్నవాళ్ళకా అని నేనూ అడగలేదు.

నవ్వులాటకు చెప్తున్నాను గానీ, ఆమె ఈ మాటలన్నీ మా వీధిలో అందరికంటే ముందు నేర్చుకుంది. ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాళ్ళను ఎలా తిట్టాలో పక్కిళ్ళవాళ్ళకు నేర్పింది. పైసలు రావడానికి పిన్ను కొట్టాల్సిన పని లేదని నేతగాళ్ళ చేత వల్లె వేయించింది. ఆమె మోసపోయే మనిషి కాదు. చివరికి ఆమెను ఏ దొంగా మోసం చెయ్యలేదు కూడా.

ఇక్కడ మా వీధి పద్ధతి ఒకటి చెప్పాలి. నేతగాడికి చీర చీరకు కూలి చేతిలో పెట్టరు. ఒక పడుగు మీద కొన్ని చీరలు దిగుతాయి, పడుగు అయిపోయాక లెక్క చూస్తారు. ఆ రోజు కూడా ఇంటి ఖర్చుకు కావలసినంతే తీసుకుని, మిగిలింది "నీ దగ్గరనే ఉండనియ్యి అక్కా" అని పోతారు. చేతిలో ఉంటే నిలవదని భయం. పిల్లల ఫీజులకో, పైకప్పుకో, రోగానికో అవసరం పడిన రోజు వచ్చి అడుగుతారు. అడిగిన రోజే ఇవ్వాలి, రేపు రమ్మనకూడదు. "నేసినోని కూలి మన ఇంట్ల ఉన్నా మనది గాదు" అని జమ్ములక్కకు అత్త చెప్పిన మాట. ఆ మాటను ఆమె దేవుడి పటానికి దండం పెట్టినంత నిష్ఠగా పాటించింది. పూర్వం ఆ పైసలు ఇనప్పెట్టెలో ఉండేవి. ఫోన్లో అమ్మకాలు మొదలయ్యాక బ్యాంకు ఖాతాలోనే ఉండిపోయాయి. అదీ ఆమె సొంత సేవింగ్స్ ఖాతా. వ్యాపారం పేరు మీద కరెంటు ఖాతా తెరువు అక్కా అని నేను చెప్తూనే ఉన్నాను, ఈ పడుగు అయినంక చూద్దామని ఆమె అంటూనే ఉంది.

శ్రావణమాసం పెళ్ళిళ్ళకు అమ్మకాలు బాగా సాగాయి. ఎక్కడెక్కడి నుంచో చిన్నా పెద్దా సొమ్ములు వచ్చి పడ్డాయి. జరీ కోసం ఒకరోజు పెద్ద మొత్తం ఒకేసారి తీసింది. బ్యాంకు కంప్యూటరుకు అనుమానం వచ్చింది. మనిషికి అనుమానం వస్తే ముఖం చూసి పోగొట్టవచ్చు, దానికి ముఖాలతో పని లేదు. అది అరుణ్ అనే ఆఫీసరుకు కబురు పెట్టింది, అతను జమ్ములక్కను పిలిపించాడు. వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు, మర్యాదస్థుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగాడు.

"ఈ ఖాతాలో ఉన్న డబ్బు ఎవరిదమ్మా?"

"నాది గాదు సారు," అంది జమ్ములక్క. "నేసినోళ్ళది. నేను దగ్గర పెట్టుకున్న, గంతే."

ఈ సంగతి నాకు తర్వాత ఆమే చెప్పింది, చెప్పేటప్పుడు కూడా గొప్పగానే చెప్పింది. మా వీధిలో ఆ ఒక్క మాటతో మనిషి పరువు పెరుగుతుంది. బ్యాంకులో ఆ మాటకు వేరే పేరుంది. మ్యూల్ ఖాతా అంటారు. మ్యూల్ అంటే కంచర గాడిద. దొంగలు తమ సొమ్ము దాటించడానికి అమాయకుల ఖాతాలు వాడుకుంటారు. పట్టుబడ్డ ప్రతి ఖాతాదారుడూ మొదట చెప్పే మాట ఒకటే: ఆ డబ్బు నాది కాదు, ఎవరిదో, నా దగ్గర ఉంచారు. అరుణ్ ఆమె మాటను ఉన్నదున్నట్టు రాసి పైకి పంపాడు. అది అతని ఉద్యోగం. సాయంత్రానికి ఖాతాకు డెబిట్ ఫ్రీజ్ పడింది. అంటే వచ్చేది వస్తూనే ఉంటుంది, ఒక్క రూపాయి బయటికి పోదు.

నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె బెదరలేదు. "నిజం జెప్పిన గద తమ్మీ. వాళ్ళకే తెలుస్తది," అంది. నిజం చెప్పినందుకే ఈ చిక్కు వచ్చింది అక్కా అన్నాను. ఆమెకు అది నా వెటకారంలాగే వినిపించింది.

ఆ ఆదివారం పొద్దున మల్లయ్యకు గుండెలో నొప్పి వచ్చింది.

మల్లయ్య ఆమె దగ్గర అందరికంటే పాత నేతగాడు, శ్రీరాములుకు స్నేహితుడు. ఇంటికి స్లాబు వేసుకోవాలని కొన్ని పడుగుల కూలి మొత్తం ఆమె దగ్గరే ఉంచాడు. భార్య ఈరమ్మ అతన్ని గద్వాల దవాఖానకు, అక్కడి నుంచి కర్నూలుకు తీసుకుపోయింది. రక్తనాళాలు మూసుకుపోయాయని, స్టెంట్లు వెయ్యాలని, ముందు డబ్బు కట్టాలని అక్కడ చెప్పారు. ఆరోగ్యశ్రీ కార్డు ఆ దవాఖానలో చెల్లదన్నారు. హైదరాబాదు దాకా కదిలించే స్థితి లేదన్నారు. మందులతో మనిషిని నిలబెట్టి, పైసల కోసం ఎదురుచూస్తున్నారు.

సోమవారం నేనూ జమ్ములక్కా బ్యాంకు తలుపులు తెరవకముందే అక్కడ నిలబడ్డాం. సంగతి వినగానే అరుణ్ ముఖం వాడిపోయింది. అతను దారి చెప్పాడు కూడా.

"ఒక వివరణ రాసివ్వండి. ఈ ఖాతాలో ఉన్నదంతా నా చీరల అమ్మకపు సొమ్ము, ఇందులో ఇతరులెవరికీ హక్కు లేదు అని. బిల్లులు జతచెయ్యండి. నేను ఈరోజే పంపిస్తాను. రేపటికి వదిలేస్తారు."

నేను అక్కడే కూర్చుని రాశాను. ఆమెకు చదివి వినిపించాను. ఇతరులెవరికీ హక్కు లేదు అన్న దగ్గర ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"గా మాట తీసెయ్యి తమ్మీ."

"తీసేస్తే పైసలు రావక్కా. గా మాట కోసమే గీ కాగితం."

"మల్లయ్య దవాఖానల పండుకోనుంటే, ఆయన కూలి మీద ఆయనకు హక్కు లేదని నేను సంతకం పెట్టాల్నా? రేపు నేను సస్తే? గీ కాగితం పట్టుకోని ఎవడన్న వచ్చి వాళ్ళ నోట్ల మన్ను కొడితే?"

"గది బ్యాంకు కోసమక్కా, వీధి కోసం గాదు."

"కాగితానికి గా తేడా తెలుస్తదా?"

తెలియదు. ఆ సంగతి ఆమె కంటే నాకు బాగా తెలుసు, ఇరవై ఏళ్ళుగా కాగితాల మధ్య బతుకుతున్నాను. కానీ ఆ పూట నాకు కావలసింది న్యాయం కాదు, సంతకం. గొంతు పెంచాను. మనిషి ముందా, నియమం ముందా అన్నాను. బ్యాంకులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఆమె నా మాట పక్కన పెట్టి అరుణ్ వైపు తిరిగి, "సగం నాది, సగం నేసినోళ్ళది అని రాస్త సారు. మల్లయ్యది మల్లయ్యకే ఇయ్యుండ్రి," అంది. అరుణ్ తల పట్టుకున్నాడు. అలా రాస్తే ఖాతా ఇంకా బిగుసుకుంటుందని, ఆ మాట తాను విననట్టే ఉంటానని బతిమాలాడు. ఆమె లేచి వచ్చేసింది.

అక్కడి నుంచి పైసల వేట. మెడలోని గొలుసు కుదువ పెట్టింది. అది ఐసీయూ మంచానికీ మందులకూ సరిపోయింది. వీధిలో అడిగింది, ఎవరి దగ్గర ఉంటాయి? వీధి పైసలన్నీ ఆమె ఖాతాలోనే ఉన్నాయి. ఎప్పుడూ అప్పిచ్చే పట్టు వ్యాపారి ఈసారి "మీ మీద పోలీసు కేసంట గద జమ్ములమ్మా" అని లోపలికి కూడా రానివ్వలేదు. పోలీసులూ లేరు, కేసూ లేదు. కానీ గద్వాలలో ఖాతా ఆగిన కబురు సాయంత్రానికి కేసు అవుతుంది, తెల్లారేసరికి అరెస్టు అవుతుంది. సుష్మిత తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. నేను నా చేతనైనంత పంపాను. అన్నీ కలిపినా దవాఖానవాళ్ళు అడిగిన దాంట్లో సగం కాలేదు. రోజూ రెండుపూటలా వాళ్ళింటికి పోయి సంతకం పెట్టమని అడిగాను. ఆమె రోజూ లేదంది. నిజం చెప్తున్నాను, ఆ రెండు రోజులు నాకు ఆమె మీద అసహ్యం పుట్టింది. ఆమె మీద గౌరవమూ అప్పుడే పెరిగింది, ఆ రెండూ ఒకే మనిషి మీద ఎలా ఉంటాయో నాకిప్పటికీ తెలియదు.

గురువారం పొద్దున ఈరమ్మ కర్నూలు నుంచి ఫోన్ చేసింది. ఏడుపులో మాటలు సరిగా అందలేదు. రాత్రి మళ్ళీ నొప్పి వచ్చిందని, డాక్టర్లు ఇక ఆగలేమంటున్నారని మాత్రం తెలిసింది. జమ్ములక్క తల కూడా దువ్వుకోకుండా నా గదికి వచ్చింది.

"ఏడ పెట్టాలె?"

చదవమంటావా అక్కా అన్నాను. వద్దంది. సంతకం పెట్టి, నాతో బ్యాంకుకు నడిచి, అరుణ్ ముందు నిలబడి, అతను అడగకముందే అంది: "నాయే సారు. అన్నీ నాయే. ఎవలికీ హక్కు లేదు." చెప్పాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అరుణ్ ఆ క్షణమే పంపాడు. పైవాళ్ళకు రెండుసార్లు ఫోన్ చేశాడు, నా ముందే. అతని మీద నాకు కోపం రావాలని ఎంత ప్రయత్నించినా రాలేదు. కోపం పెట్టుకోవడానికి అక్కడ ఒక ముఖం ఉంటే ఎంత బాగుండేది. పైన ఎవరో చూడాలి, ఆ పైన ఇంకెవరో ఒప్పుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఫోనుకు మెసేజ్ వచ్చింది, ఖాతా మామూలుగా వాడుకోవచ్చని. అప్పటికి కర్నూలు నుంచి మల్లయ్యను తెస్తున్న బండి గద్వాల దారిలో ఎర్రవల్లి చౌరస్తా దాటింది. అతను ఆ పొద్దునే పోయాడు.

దినాలు అయ్యాక జమ్ములక్క ఖాతాలో ఉన్నదంతా తీసి, ఎవరి కూలి వాళ్ళకు ఇంటింటికీ పోయి ఇచ్చింది. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. కొందరు మళ్ళీ నీ దగ్గరే ఉంచు అన్నారు, ఆమె ఒప్పుకోలేదు. చివరికి ఈరమ్మ ఇంటికి పోవాలి. ఒక్కదాన్ని పోలేనని నన్ను వెంట రమ్మంది.

ఈరమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. లోపల మల్లయ్య మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది, దాని మీద ఎవరో పాత దుప్పటి కప్పారు. జమ్ములక్క పైసలు ఆమె ఒళ్ళో పెట్టి ఎదురుగా నేల మీద కూర్చుంది. ఇచ్చి లేచి రావచ్చు. లేవలేదు.

"సోమారమే సంతకం అడిగిండు శ్రవణ్ తమ్ముడు. గప్పుడే పెడితే తెల్లారి పైసలొస్తుండె. నేనే పెట్టలే ఈరమ్మా."

ఈరమ్మ తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది. ఆమె ఒళ్ళోని పైసలను చేతిలోకి తీసుకుంది.

"డాక్టరు పైసలడిగినప్పుడల్లా నాకు ఏం జెయ్యాల్నో తోచకుండె అక్కా," అంది. "ఆయనే నాకు ధైర్యం జెప్పిండు. జమ్ములక్క దగ్గర ఉన్నయ్, ఏడికీ పోవు, నువ్వు పరేషాన్ గాకు అన్నడు. ఆఖరుదాక గదే మాట."

పైసలు కొంగున ముడేసుకుని ఆమె లోపలికి పోయింది. పోదాం లే అక్కా అని నేను చెయ్యి అందించాను. జమ్ములక్క పట్టుకోలేదు.

"సోమారమే నాయి అంటే ఏం పోతుండె తమ్మీ," అంది. "మల్లయ్య గూడ గట్లనే అనుకున్నడు గద, నా దగ్గర ఉన్నయని."