డయాథెర్మీ వేడి, మావారి ఓర్పు

ఆ రోజు మావారు మగ్గం గుంతలో నుంచి లేవలేకపోయారు. మాది ఒంటిమిట్ట పక్కన నేతగాళ్ల ఊరు. గుంతలోకి కాళ్లు దించి కూర్చుని పొద్దుగుంకేదాకా నేయడం మా ఇళ్లలో మగవాళ్ల పని. అన్నానికి పిలిస్తే ఆయన పలకలేదు. వెళ్లి చూస్తే రెండు చేతులూ గట్టు మీద ఆనించి, చెమటలు కక్కుతున్నారు.

"కుడికాలు నాది కానట్టుండాది. నడుముకాడ్నించి పిక్క దాకా పీకుతాంది," అన్నారు.

నేనూ మామగారూ చెరోవైపు పట్టుకుని పైకి లాగాం. రెండు రోజులు పడుకుంటే అదే పోతుందనుకున్నాం. పోలేదు.

మావైపు ఏ నొప్పికైనా మొదటి మందు వాత. పసుపుకొమ్ము కాల్చి వాతలు పెట్టే ముసలాయన్ను మామగారు పిలిపించారు. "ఓర్చుకో నాయనా. అరిస్తే గుణం రాదు," అన్నాడాయన. మావారు పళ్లు బిగబట్టారే గాని కిక్కురుమనలేదు. చూడవచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. నాకూ గర్వంగానే ఉండింది. నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు. సగం నేసిన చీర మగ్గం మీద అలాగే ఉండిపోయింది. ఆయనకు కాలినొప్పి కంటే ఆ దిగులే ఎక్కువ. "మళ్లీ గుంతలో కూచుంటానంటావా?" అని రోజూ అడిగేవారు.

చివరికి రైలెక్కి క్రైస్తవ మిషన్ ఆసుపత్రికి పోయాం. ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ తెల్లదొరసాని, తెలుగు అచ్చం పుస్తకంలా మాట్లాడేవారు. "ఎముక బాగున్నది. ఇది సయాటికా. నరము ఒత్తుకొనుచున్నది," అన్నారు. కొన్నాళ్లు మంచం మీద రెస్టు, ఆ తర్వాత డయాథెర్మీ. అది కొత్తగా వచ్చిన మిషను, ఆసుపత్రి ఇంజను కరెంటుతో నడుస్తుంది. నడుము మీద ఒకటి, పిరుదు కింద ఒకటి రేకులు పెట్టి మీట తిప్పితే, నిప్పు లేకుండా ఒంటి లోపలే వేడి పుడుతుంది.

మిషను గదిలో నర్సమ్మ మా జిల్లా పిల్లే. మొదటి రోజే చెప్పింది. "అన్నా, పొద్దుటెండలో కూచున్నంత వెచ్చగా ఉండాల. చురుక్కుమంటే అప్పుడే చెప్పల్ల."

నాలుగైదుసార్లు పెట్టేసరికి నేను నమ్మలేని మార్పు వచ్చింది. మావారు వెల్లకిలా పడుకుని నిద్రపోయారు. మఠం వేసుకుని అన్నం తిన్నారు. "నీ చారు కంటే ఆసుపత్రి చారే శానా మేలు," అని నన్ను ఆటపట్టించారు. నొప్పి ఆయన్ను ఎంత ముసలివాణ్ని చేసిందో, అది తగ్గాకే నాకు తెలిసింది. "ఒక మాసములో మగ్గము మీద కూర్చుండవచ్చును," అన్నారు డాక్టరమ్మ.

ఆ మాటతో ఆయనకు ఆత్రం పట్టుకుంది. గోరువెచ్చటి వేడికే ఇంత గుణముంటే, బాగా కాలితే రోగం వేళ్లతో సహా పోదా అనుకున్నారు. "వేడి తెలుస్తాందా అన్నా?" అని నర్సమ్మ అడిగితే, "తెలీలేదమ్మా, ఇంకా పెట్టు," అన్నారట. ఆమె మీట తిప్పి మళ్లీ అడిగింది. మళ్లీ అదే మాట. వార్డుకు వచ్చాక నాతో చెప్పుకుని మురిసిపోయారు.

"ఈ పొద్దు బాగా కాలిందిమే. వాత కంటే గట్టిగా. పండ్లు బిగబట్టి ఓర్చుకున్యా."

పంచె తొలగించి చూస్తే పిరుదు మీద రేకు మేర చర్మం తెల్లగా పొంగి ఉంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. మంచం పక్కన కూర్చుని, "ఈ యంత్రమునకు థర్మామీటరు లేదు. రోగి నోరే మాకు థర్మామీటరు," అన్నారు. నర్సమ్మ కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. తప్పు ఆమెది కాదని మేమెంత చెప్పినా ఆమెను ఆ గది నుంచి మార్చేశారు. అది నాకు ఇప్పటికీ బాధే.

పుండు లోతుకు దిగింది. డయాథెర్మీ ఆపేశారు. నెలల తరబడి డ్రెస్సింగులు. మానేసరికి చర్మం బిగుసుకుపోయి, కూర్చుంటే లాగడం మొదలైంది. పాత సయాటికా కూడా మెల్లగా తిరిగొచ్చింది. మళ్లీ మిషను పెట్టమని బతిమాలాం. "మచ్చ పడిన చోట స్పర్శ లేదు. ఇక పెట్టరాదు," అన్నారు డాక్టరమ్మ. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం.

ఇప్పుడు మా ఇంట్లో గుంతలో కూర్చునేది నేను. ఆయన ఒక పక్కకు ఒరిగి, రాట్నం మీద నాకు నూలు కండెలు చుట్టి ఇస్తారు. అది మావైపు ఆడవాళ్ల పని. ఎవరూ ఏమీ అనరు, ఆయనకు అదే మరీ కష్టం. నా చీర అంచు వంకరపోతే చెప్పబోయి మళ్లీ రాట్నం తిప్పుకుంటారు. ఆ చేతుల్లో ఉన్న నేత నా చేతుల్లోకి ఎన్నటికీ రాదని మా ఇద్దరికీ తెలుసు.

నడుము నొప్పితో ఆసుపత్రికి పోయేవాళ్లు ముందు మా ఇంటికొచ్చి మిషను గురించి అడుగుతారు. ఆయన ఎవరినీ భయపెట్టరు.

"మిషను మంచిదేనప్పా. పో, పెట్టించుకో. కాల్తాంటే కాల్తాందని చెప్పు. ఓర్చుకుంటే మెచ్చుకునేదానికి ఆడ ఎవురూ ఉండరు."