చేతుల మీద కూర్చోమన్న టీచరమ్మ

నా రాతలో తప్పులుంటాయి, అక్షరాలు కూడా వంకర. ఐదో తరగతితో ఆగినదాన్ని, తోటి అమ్మలారా, మన్నించండి. మన పిల్లలకు ఫోన్‌లో మాటలు నేర్పిన టీచరమ్మ మొన్న సోమవారం పోయారు. గురువారం పదకొండు గంటలకు ఎప్పటిలాగే ఫోన్ మోగింది. ఎత్తితే వాళ్ళ చెల్లెలు. "అక్క లేదమ్మా. ఆమె పుస్తకంల ఈ టైముకు మీ నంబరు రాసుంది, చెప్దామని చేసిన" అంది.

మా పాపకు ఆరేళ్ళు. పుట్టినప్పటి నుంచీ కాళ్ళూ చేతులూ చెప్పినట్టు వినవు, మాట రాదు. కొండాపూర్ నుంచి పట్నం దవాఖానకు రెండు బస్సులు మారి, ఎత్తుకుని వెళ్ళేదాన్ని. మూడోసారి వెళ్ళినప్పుడు అక్కడ మాటలు నేర్పే టీచరమ్మ అడిగారు.

"గింత దూరం మోసుడెందుకు? మీ దగ్గర ఫోన్ ఎవరికుంది?"

"ఇంటి ఓనరమ్మకు."

"అయితే గురువారం గురువారం నేనే చేస్త."

మాట రాని పిల్లకు ఫోన్‌లో ఏం నేర్పుతారా అని దారంతా ఆలోచించాను.

ఆ రోజే ఒక డబ్బా ఇచ్చారు. దాని మీద నాలుగు పెద్ద మీటలు, ఒక్కోదానికి ఒక బొమ్మ. నొక్కితే అందులో నింపిన మాట పలుకుతుంది. నీళ్ళు, ఆకలి, బయటికి. నాలుగోది 'వద్దు'. అదెందుకని అడిగితే, "అడుక్కునుడొక్కటే మాటనా? కాదనుడు గూడ రావాలె" అన్నారు. మాటలు నా గొంతుతో నింపుతానంటే ఒప్పుకోలేదు. "ఆరేండ్ల పిల్లకు నీ గొంతెందుకు?" అన్నారు. ఓనరమ్మ చిన్న కూతురితో చెప్పించాం.

డబ్బా నెల రోజుల వరకే ఇచ్చారు. పాపకు అలవాటు కాకపోతే, దానికోసం ఎదురుచూస్తున్న ఇంకో పిల్లకు పోతుంది.

ఓనరమ్మ ముందుగదిలో పాపను గోడకు ఆనించి, డబ్బా గచ్చు మీద పెట్టేదాన్ని. టీచరమ్మవి అన్నీ ప్రశ్నలే. "ఇప్పుడేం చూస్తుంది? మీటనా, నీ మొఖమా? ఊపిరి గట్టిగ తీసిందా?" కన్నతల్లినై ఉండి, పాప ఊపిరిని చూడాలని నాకు అప్పటిదాకా తెలియదు.

మూడు గురువారాలు పాప చెయ్యి లేచి గచ్చుకే తగిలేది, మీట దాకా రాలేదు. "దానికేం ఎరుక? ఉత్తగ పరేషాన్ చేస్తున్నరు పిల్లను" అనేది గడప దగ్గర కూర్చున్న అత్తమ్మ. నాలుగోసారి టీచరమ్మ "నీళ్ళు కావాల్నా చిట్టీ?" అనగానే నేనే పాప చెయ్యి పట్టుకుని నొక్కించాను. "నీళ్ళు" అంది డబ్బా.

 "ఎవరు నొక్కిన్రు?" అన్నారు టీచరమ్మ.

"పాపే."

"చిట్టి చెయ్యి ముందు గచ్చుకు తాకుతది. ఆ సప్పుడు నాకు వినవడ్తది. ఇయ్యాల వినవడలే."

 డబ్బా పోతుందన్న భయంతో చేశానని చెప్పేశాను. ఆమె కోప్పడలేదు. "ఆమె మాట నువ్వు తింటున్నవ్ బిడ్డా. జర ఫోన్ ఆమె పక్కన పెట్టి, నీ చేతుల మీద నువ్వు కూర్చో" అన్నారు.

రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. రిసీవర్ పాప పక్కన గచ్చు మీద ఉంది. ఓనరమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఏంటమ్మా, లైను కట్టయిందా? పెట్టెయ్యండి మరి" అన్నారు. "ఉన్న, ఉన్న" అని కింద రిసీవర్‌లోంచి టీచరమ్మ గొంతు. ఓనరమ్మ ఉలిక్కిపడ్డారు.

అత్తమ్మ ఊరుకోలేక అరటిపండు ఒలిచి పాప నోటి దగ్గర పెట్టింది. పాప మొహం తిప్పుకుంది. మళ్ళీ పెట్టింది. పాప చెయ్యి లేచి గచ్చుకు కొట్టుకుంది. మళ్ళీ లేచింది. నా చేతులు తిమ్మిరెక్కాయి, తియ్యలేదు.

"వద్దు" అంది డబ్బా.

"ఓయమ్మో, నాకే ఎదురు జెప్తుందే!" అని అత్తమ్మ ఆ పండు తనే తినేసింది. టీచరమ్మ నవ్వు నేను మొదటిసారి విన్నది అప్పుడే. డబ్బా మాకే ఉంచేశారు. ఆ తర్వాత అత్తమ్మ, ఏది పెట్టినా ముందు పాపను అడగడం నేర్చుకుంది.

టీచరమ్మను నేను చూసింది మూడుసార్లే. ఫోన్‌లో ఆమె వెనక ఒక పిట్ట అరుస్తుండేది. పెంపుడుదా, కిటికీలోదా? సిగ్గుతో ఎప్పుడూ అడగలేకపోయాను.

నా తప్పు ఇందులో ఉంది కనుక, చదివాక ఈ కాగితం కాల్చెయ్యమని రాద్దామనుకున్నాను. రాయడం లేదు. మీలో ఎవరో ఒకరు ఈ పూట కూడా పిల్ల చెయ్యి పట్టుకుని నొక్కిస్తుండొచ్చు.

నిన్న చందానగర్ నుంచి ఒకామె ఫోన్ చేసింది. టీచరమ్మ చెల్లెలు నంబరిచ్చిందట. వాళ్ళ పాపకు కొత్తగా డబ్బా వచ్చిందట. ఏం చెప్పాలో తోచక, "ఫోన్ పాప పక్కన పెట్టండక్కా" అన్నాను. చెవి ఆనించి విన్నాను. వాళ్ళింట్లో కుక్కర్ కూత, ఎవరో బిందె దించిన చప్పుడు. అవన్నీ సద్దుమణిగాక, ఆగి ఆగి, ఆ పాప ఊపిరి.