వెయ్యిని ఎనిమిదితో భాగించమన్నాను

తణుకులో నేను పనిచేసే వీడియో స్టూడియోకి కొత్త ఫైబర్ ఇంటర్నెట్ లైను వచ్చిన మర్నాడు జరిగిందిది. నేనక్కడ ఎడిటర్ని. పద్దెనిమిదేళ్ళుగా చుట్టుపక్కల వాళ్ళ పెళ్ళిళ్ళన్నీ కత్తిరించి అతికిస్తున్నది నేనే. లైను బిగించినాయన ఆ రోజు పొద్దున్నే మళ్ళీ వచ్చి, మెడలో ఐడీ కార్డుతో ఓనరు గారి పక్కన కూర్చున్నాడు. కూర్చున్నంతసేపూ లైను గొప్పలే.

తొమ్మిదింటికి భీమవరం నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. ఆ రోజే వాళ్ళ మామగారి షష్టిపూర్తి. ఆయన పెళ్ళి క్యాసెట్టు బూజు పట్టిపోయింది. ఎప్పుడో దాన్ని మా స్టూడియోలోనే కంప్యూటర్లోకి ఎక్కించారట. భోజనాలకి ముందు స్క్రీను మీద వేయాలట.

"ముందే చెప్పాల్సిందండి, ఇవాళే గుర్తొచ్చింది" అన్నారావిడ.

ఆ వీడియో పాత రకం హార్డ్ డిస్కులో ఉంది. వెడల్పాటి పట్టీలాంటి కేబులు తగిలించేవారే, ఆ రకం. అలాంటివాటి కోసమే ఒక పాత కంప్యూటర్ని బతికిస్తూ వస్తున్నాను. వీడియో నలభై జీబీ.

"ఈ డిస్కు స్పీడెంతండి మేడం?" అన్నాడు లైనాయన.

"కేబులు మోసేది నూట ముప్పై మూడండి."

నవ్వాడు. "మన లైను వెయ్యండి. నలభై జీబీ అంటే నలభై సెకన్లు. మీ డబ్బానే అడ్డం."

"ఆ డబ్బా తీసేయమని ఎన్నిసార్లు చెప్పానమ్మా" అన్నారు ఓనరు గారు.

పాడైన ఫోటో ఒకటి తిరగేసి, వెనకాల లెక్క వేసి చూపించాను. "మీ వెయ్యి సెకనుకి మెగాబిట్లండి. ఈ నూట ముప్పై మూడు మెగాబైట్లు. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. వెయ్యిని ఎనిమిదితో భాగిస్తే నూట ఇరవై అయిదు. మీ కొత్త లైను కన్నా ఈ పాత కేబులే కాస్త ఎక్కువ. ఈ ముసలి డిస్కు అంత ఇవ్వలేదనుకోండి, అది వేరే సంగతి. కానీ మీ వెయ్యి దించుకోవడానికే, ప్లానులో పైకి పంపేది వందే. అంటే సెకనుకి పన్నెండున్నర మెగాబైట్లు. గంట పడుతుంది. ఆ తర్వాత వాళ్ళు అక్కడ సెల్ సిగ్నల్ మీద దించుకోవాలి."

ఆయన కాగితం చూడలేదు, నా మొహం చూశాడు. "బిట్టూ బైటూ ఒకటేనండి మేడం. స్పెల్లింగే తేడా."

తెలియనితనం చాలామందిలో చూశాను. అది ఇంత నింపాదిగా మాట్లాడటం మాత్రం చూడలేదు. అంకె పెద్దగా కనబడుతుందని లైన్లు అమ్మేవాళ్ళు బిట్లలో చెబుతారు. కొనేవాడు మోసపోతే అదో రకం. అమ్మేవాడే నమ్మేశాడు. ఇక ఓనరు గారు, కేజీ కాజాలో పది గ్రాములు తగ్గితే కొట్టు ముందు గొడవ పెట్టుకునే మనిషి, ఎనిమిదింతల తేడా వస్తే తలూపారు.

"నువ్వు ఎడిటింగ్ చూసుకోమ్మా. ఆయన పంపిస్తారు."

పాత డిస్కులోంచి వీడియో కొత్త కంప్యూటర్లోకి దించడానికి అరగంట పట్టింది. అక్కడినుంచి ఆయన పంపడం మొదలుపెట్టాడు. పట్టే టైము గంటా పది నిమిషాలని కంప్యూటర్ చూపించింది.

"మొదట్లో అలాగే చూపిస్తుందండి" అన్నాడు.

ఈలోగా నేను అదే వీడియోని జేబులో పట్టే డిస్కులోకి ఎక్కించి, హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఎక్కడికని అడిగారు ఓనరు గారు. భీమవరంలో చీర చూసుకోవాలని చెప్పాను. వాళ్ళతో వాదించడం కన్నా అబద్ధం చెప్పడం తేలిక.

బస్సు దిగి ఫంక్షన్ హాలుకి వెళ్ళేసరికి పన్నెండైంది. ఫోన్ చేసినావిడ గుమ్మంలోనే సెల్ పట్టుకుని నిలబడ్డారు. లింకు వచ్చిందట, తెరుచుకోవడం లేదట. స్క్రీను కుర్రాళ్ళ దగ్గరికెళ్ళి డిస్కు తగిలించాను. పెద్దాయన సన్నగా, మీసం సరిగా రాని పెళ్ళికొడుకై తెర మీద కనిపించగానే హాలంతా నవ్వింది. ఆయన భార్య మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మొదటి వరస కుర్చీలో కదలకుండా చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఫోన్ చేసినావిడే నాకు దగ్గరుండి భోజనం వడ్డించారు.

స్టూడియోకి తిరిగి వచ్చేసరికి నాలుగు. లైనాయన ఇంకా ఉన్నాడు. ఓనరు గారు స్పీకరు పెట్టి భీమవరం ఆవిడతోనే మాట్లాడుతున్నారు.

"మా కొత్త లైను పనితనం చూశారాండి?"

"లైనేంటండి, మీ ఎడిటర్ గారు బస్సులో తెచ్చిచ్చారు కదా. మీ లింకు ఇప్పటికీ తిరుగుతూనే ఉందండి."

ఓనరు గారు స్పీకరు ఆపేసి, ఫోను పట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయారు. లైనాయన వంగి, బాగానే ఉన్న కేబులుని పీకి మళ్ళీ పెట్టాడు. నేను వెళ్ళి నా ఎడిటింగ్ తెరుచుకున్నాను. ఓ మాట అనడానికి కూడా ఎదటి మనిషికి కొంత అర్హత ఉండాలి.

కాసేపటికి ఆయన టీ తాగి వెళ్ళాడు. ఖాళీ గ్లాసు నా టేబుల్ మీదే పెట్టి వెళ్ళాడు.